ఒక ప్రదక్షిణ తగ్గించాలా, టీచరమ్మా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గ్రహాల మీదే. స్టీలు గిన్నె మైక్రోవేవ్‌లో పెట్టొచ్చా, ఇన్వర్టర్ బ్యాటరీలో కుళాయి నీళ్ళు పోయొచ్చా అని అడిగినవాళ్ళు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టండి. అప్పటిదాకా గిన్నె బయటే ఉండనివ్వండి, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయండి.

పుత్తూరు నుంచి ఒక అవ్వ: ప్రతి శనివారం శివాలయంలో నవగ్రహాలకి తొమ్మిది ప్రదక్షిణలు చేస్తాను. మా మనవడు ఎనిమిదో తరగతి. "గ్రహాలు ఎనిమిదే అవ్వా, ఒకదాన్ని ఎప్పుడో తీసేశారు, నువ్వు ఒక రౌండు ఎక్కువ తిరుగుతున్నావు" అని ఎగతాళి చేస్తాడు. నాకు మోకాళ్ళ నొప్పులు. ఏ దేవుణ్ణి తీసేశారో చెప్తే ఒక చుట్టు తగ్గించుకుంటాను. నిజమేనా టీచరమ్మా?

అక్కా, మీ తొమ్మిదిమందిలో ఎవరినీ ఎవరూ తీసేయలేదు. మనవడు చెప్పిన ఎనిమిదీ సరైనదే. కాకపోతే వాళ్ళు తీసింది ప్లూటోని, అది మీ మండపంలో ఏనాడూ లేదు. 1930 దాకా అలాంటిది ఒకటుందని భూమ్మీద ఎవరికీ తెలియదు.

వచ్చే శనివారం వాణ్ణి పుస్తకంతో సహా గుడికి తీసుకెళ్ళండి. మండపం ముందు ఇద్దరూ నిలబడి లెక్కపెట్టండి. మీ వైపు నడిమధ్యన సూర్యుడు, చుట్టూ చంద్రుడు, కుజుడు, బుధుడు, గురువు, శుక్రుడు, శని, రాహువు, కేతువు. వాడి పుస్తకంలో బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు, గురువు, శని, యురేనస్, నెప్ట్యూన్. రెండు చోట్లా ఉన్నవాళ్ళు ఐదుగురే: బుధుడు, శుక్రుడు, కుజుడు, గురువు, శని. మీ దగ్గర మిగిలేది సూర్యుడు, చంద్రుడు, రాహువు, కేతువు. వాడి దగ్గర మిగిలేది భూమి, యురేనస్, నెప్ట్యూన్. ఐదూ నాలుగూ తొమ్మిది, ఐదూ మూడూ ఎనిమిది. మీ ఇద్దరి తగువూ ఇంతే.

ఇద్దరి లెక్కా తప్పు కాదు, ఇద్దరూ లెక్కపెడుతున్నది ఒకటి కాదు. పాతకాలం వాళ్ళు రాత్రంతా ఆకాశం చూసి, కదలని చుక్కల మధ్య రాశులు దాటుకుంటూ పోయేవాళ్ళెవరో రాసుకున్నారు. సూర్యుడూ రాశులు దాటుతాడు, చంద్రుడూ దాటుతాడు, కాబట్టి ఇద్దరికీ పీట వేశారు. కాళ్ళ కింద ఉన్న భూమి ఆకాశంలో కనబడదు కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. రాహుకేతువుల సంగతి వేరు, అది కింద శ్రీకాళహస్తి ఉత్తరం దగ్గర చెప్తాను. మనవడి పుస్తకం చూసేది సూర్యుడి చుట్టూ ఎవరు తిరుగుతున్నారని. అక్కడ సూర్యుడు లెక్కలోంచి బయటికి వస్తాడు. భూమి చుట్టూ తిరిగే చంద్రుడూ బయటికే. భూమి మాత్రం లోపలికి వస్తుంది.

ఆ పాతవాళ్ళ చూపు మామూలుది కాదక్కా. ఏలినాటి శని ఏడున్నర ఏళ్ళే ఎందుకు, ఆరో పదో ఎందుకు కాదు? శని ఒక చుట్టు తిరిగి రావడానికి సుమారు 29న్నర ఏళ్ళు పడుతుంది. పన్నెండు రాశులకి పంచితే రాశికి దాదాపు రెండున్నర ఏళ్ళు. మన రాశి, దాని ముందుది, వెనకది, మూడు రాశులకి ఏడున్నర. కష్టాలు వస్తాయా రావా అన్నది పంతులుగారు చూసుకుంటారు, లెక్క మాత్రం ఏ ఖగోళశాస్త్రవేత్తకి చూపించినా ఒప్పుకుంటాడు. గురువుకి సుమారు పన్నెండేళ్ళు, అంటే రాశికి ఒక ఏడాది. సింహంలోకి వస్తే గోదావరి పుష్కరాలు, 2015లో వచ్చాయి, మళ్ళీ 2027లో. కన్యలోకి వస్తే కృష్ణా పుష్కరాలు, 2016లో అయ్యాయి. నిజానికి గురువు చుట్టుకి పట్టేది 12 కాదు, 11.86 ఏళ్ళు. ఆ కాస్త తేడా పేరుకుంటూ పోయి ఒక్కోసారి ఏడాది ముందుకి జరుగుతుంది. హరిద్వార్ కుంభమేళా 2010 తర్వాత పదకొండేళ్ళకే, 2021లో రావడానికి అదే కారణం. మనవడికి ఇంటిలెక్కగా ఇవ్వండి, ఎగతాళి కొంచెం తగ్గుతుంది.

కుజుడికి కట్టే ఎర్రగుడ్డ కూడా చూపించండి. ఆకాశంలో కుజుడు నిజంగానే ఎర్రగా కనబడతాడు, అక్కడి మట్టిలో ఇనుము తుప్పు పట్టి ఉంది కాబట్టి. ఆ గుడ్డ రంగు ఎంచిన మొదటి మనిషి ఆకాశం చూసే ఎంచి ఉంటాడని నా నమ్మకం.

ఇక మోకాళ్ళ సంగతి డాక్టరుని అడగండి. సైన్సు పేరు చెప్పి ప్రదక్షిణ తగ్గించే అధికారం నాకు లేదు.

తిరుపతి నుంచి, డీఎస్సీకి చదువుతున్న అమ్మాయి: మేడమ్, మా అక్క పుస్తకంలో తొమ్మిది, నా పుస్తకంలో ఎనిమిది. పరీక్షలో ఏది పెట్టాలి? ఓట్లేసి ప్లూటోని తీసేశారంటారు. ఓట్లతో తేల్చడానికి సైన్సు ఏమన్నా పంచాయతీనా? ప్లూటో ఏం మారిందని?

పరీక్షలో కళ్ళు మూసుకుని ఎనిమిది పెట్టమ్మా, టెన్షన్ పడకు. మరుగుజ్జు గ్రహాలు అడిగితే ఐదు: సిరిస్, ప్లూటో, హౌమియా, మాకెమాకె, ఎరిస్. మార్కుల పని అయింది, ఇప్పుడు తీరిగ్గా ఓటు సంగతి మాట్లాడుకుందాం.

ప్లూటో ఏమీ మారలేదు. 2022 ఏప్రిల్ 3 రాత్రి చిత్తూరు జిల్లాలో పడుకున్న శ్రీకాళహస్తి, 4న తిరుపతి జిల్లాలో నిద్ర లేచింది. రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. స్వర్ణముఖి నది మాత్రం అంగుళం పక్కకి జరగలేదు. పార్లమెంటు నియోజకవర్గానికో జిల్లా అని ఒక సూత్రం పెట్టుకున్నారు, గీతలు దాన్నిబట్టి పడ్డాయి. గ్రహం ఏది, ఏది కాదు అన్నదానికి 2006 దాకా అలాంటి సూత్రమేదీ రాతలో లేదు. ఓటు పడింది ఆ సూత్రం మీద. ప్లూటో ఎంత ఉంది, ఎక్కడ తిరుగుతోంది అన్నదాని మీద ఎవరూ ఓటు వేయలేదు, వేయలేరు కూడా.

లెక్క మారడం అదే మొదటిసారి అనుకుంటున్నారు చాలామంది. అసలు కథ అంతకు రెండు వందల ఏళ్ళ ముందుది, నాకు ప్లూటో కథకంటే అదే ఎక్కువ ఇష్టం. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని కోపర్నికస్ 1543లో అచ్చు వేయించాక, ఆ లెక్కన గ్రహాలు ఆరు. 1781 మార్చి 13న ఇంగ్లండులోని బాత్ ఊళ్ళో విలియం హెర్షెల్ అనే సంగీతం మాస్టారు సొంతంగా చేసుకున్న టెలిస్కోపులో యురేనస్‌ని పట్టుకున్నాడు, ఏడయ్యాయి. 1801 జనవరి 1 రాత్రి సిసిలీలో పియాజీ సిరిస్‌ని చూశాడు. కుజుడికీ గురువుకీ మధ్యనున్న ఖాళీలో దొరికింది కాబట్టి అందరూ గ్రహమే అన్నారు. 1802లో పల్లాస్, 1804లో జూనో, 1807లో వెస్టా. ఆ రోజుల్లో పుస్తకాల్లో గ్రహాలు పదకొండు! యూరప్ పిల్లలు పదకొండు పేర్లు వల్లె వేశారు. 1845 నుంచి అదే ఖాళీలో ఒకదాని వెనక ఒకటి దొరకడం మొదలైంది. 1846లో నెప్ట్యూన్ కూడా వచ్చి చేరింది. జాబితా ఇక పట్టనని మొరాయించింది. ఆ చిన్నవాటినన్నిటినీ వేరే తీసి గ్రహశకలాలన్నారు. అలా సిరిస్ దాదాపు యాభై ఏళ్ళు గ్రహంగా కూర్చుని లేచి వెళ్ళిపోయింది, ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోలేదు. ప్లూటో కూర్చున్నది 76 ఏళ్ళు.

ప్లూటోని పట్టినవాడు క్లైడ్ టాంబా. అమెరికాలో కాన్సాస్ రైతు కుటుంబం కుర్రాడు, అప్పటికి 24 ఏళ్ళు. అరిజోనాలోని లోవెల్ అబ్జర్వేటరీలో అతనికిచ్చిన పని ఏమిటో తెలుసా? ఆకాశంలో ఒకే ముక్కని కొన్ని రోజుల తేడాతో రెండుసార్లు ఫోటో తీసి, రెండు గాజు పలకల్నీ యంత్రంలో పెట్టి, ఒకటి మార్చి ఒకటి చూస్తూ, వేలాది చుక్కల్లో ఏ చుక్క గెంతిందో వెతకడం. 1930 జనవరి 23న, 29న తీసిన పలకల్లో ఒక చుక్క గెంతింది. ఫిబ్రవరి 18న అతని కంట పడింది. ప్లూటో అన్న పేరు సూచించింది ఆక్స్‌ఫర్డ్‌లో పదకొండేళ్ళ పాప, వెనీషియా బర్నీ.

మొదట్లో దాన్ని భూమంత ఉంటుందనుకున్నారు. కొలిచేకొద్దీ చిక్కిపోయింది. 1978లో దాని చందమామ కేరన్ దొరికాక బరువు కచ్చితంగా తేలింది. భూమి బరువులో దాదాపు ఐదు వందలో వంతు! అడ్డకొలత 2,377 కిలోమీటర్లు, మన చంద్రుడిది 3,474. కాశ్మీరు నుంచి కన్యాకుమారికి 3,214 కిలోమీటర్లంటే, ప్లూటో అడ్డకొలత మన దేశం పొడవుకంటే తక్కువే. అయినా ఒక్కటే ఉన్నంత కాలం ఎవరూ కదిలించలేదు. 1992లో డేవిడ్ జెవిట్, జేన్ లూ నెప్ట్యూన్ అవతల ఇంకో వస్తువుని చూశారు. తర్వాత వందలకొద్దీ బయటపడ్డాయి. 2005లో మైక్ బ్రౌన్ బృందం ఎరిస్‌ని ప్రకటించడంతో అసలు చిక్కు వచ్చింది. అది ప్లూటోకంటే పెద్దదేమో అన్నారు అప్పట్లో. ఇప్పుడు కొలతల్లో కాస్త చిన్నదని తేలింది, బరువు మాత్రం దానిదే ఎక్కువ. ప్లూటో గ్రహమైతే ఎరిస్ కూడా కావాలి. ఎరిస్ కాకపోతే ప్లూటో కూడా దిగాలి.

2006 ఆగస్టులో ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సంఘం సమావేశమైంది. 16న బయటికొచ్చిన ముసాయిదాలో గ్రహాలు పన్నెండు, సిరిస్, కేరన్, ఎరిస్‌లతో కలిపి. ఆ వారమంతా గొడవే. 24న తేలినది వేరు. సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత బరువుతో దాదాపు గుండ్రంగా రావాలి, తన దారి చుట్టుపక్కల పెత్తనం తనదే అయ్యేలా మిగతావాటిని ఊడ్చేసి ఉండాలి. మొదటి రెండింట్లో ప్లూటో పాసయింది, మూడోదాంట్లో పోయింది. అలాంటివాటికే మరుగుజ్జు గ్రహాలని పేరు పెట్టారు. ఓటు వేసినవాళ్ళు 424 మంది, సంఘంలో సభ్యులు వేలమంది. అందుకే అలాన్ స్టెర్న్ లాంటివాళ్ళు ఈ రోజుకీ ఒప్పుకోరు. ఆయన నడిపించిన న్యూ హొరైజన్స్ నౌక 2006 జనవరి 19న బయల్దేరేటప్పటికి ప్లూటో గ్రహం, 2015 జూలై 14న దాని పక్కనుంచి పోయేటప్పటికి మరుగుజ్జు గ్రహం. ఆయన మంటలో న్యాయముంది.

నన్నడిగితే మూడో షరతు నాకూ అంత రుచించదు. ఒక వస్తువు ఏమిటో చెప్పడానికి దాన్ని చూడాలి గానీ దాని చుట్టుపక్కలవాళ్ళని చూడటమేమిటి? కానీ ఆ షరతు తీసేస్తే గుండ్రంగా ఉన్న ప్రతిదీ క్యూలో నిలబడుతుంది, డజన్లకొద్దీ పేర్లు బట్టీ పట్టాలి. డీఎస్సీ రాసేవాళ్ళు కోరి తెచ్చుకునే కష్టం కాదది.

చంద్రగిరి దగ్గర నేను పనిచేసిన బడి గోడమీద తొమ్మిది గ్రహాల బొమ్మ ఉండేది. ప్రాగ్ వార్త పేపర్లో వచ్చిన వారం హెడ్మాస్టరుగారు ప్లూటో మీద సున్నం కొట్టించమన్నారు. నేను ఒప్పుకోలేదు. పెయింటరుని పిలిపించి కింద "మరుగుజ్జు గ్రహం" అని రాయించి, కుజుడికీ గురువుకీ మధ్య సిరిస్‌ని కూడా చిన్న చుక్కగా పెట్టించాను. తర్వాత వచ్చిన ప్రతి బ్యాచీ ఆ చుక్క ఏమిటని అడిగింది. పాఠం అక్కడినుంచే మొదలుపెట్టేదాన్ని.

ఒక ట్రిక్కు ప్రశ్న కూడా ఇస్తాను. గురువు చుట్టూ తిరిగే గనిమీడ్ అడ్డకొలత 5,268 కిలోమీటర్లు, బుధుడిది 4,879. మరి గనిమీడ్ గ్రహం ఎందుకు కాదు? అది సూర్యుడి చుట్టూ కాక గురువు చుట్టూ తిరుగుతోంది కాబట్టి, మొదటి షరతులోనే పోయింది.

కుప్పం నుంచి ఏడో తరగతి పాప: మా మిద్దె మీది నుంచి ఎన్ని గ్రహాలు కనిపిస్తాయి? నక్షత్రానికీ గ్రహానికీ తేడా ఎలా కనిపెట్టాలి?

టెలిస్కోపు లేకుండా ఐదు కనిపిస్తాయి బంగారూ. అన్నీ ఒకే రోజు దొరకవు. శుక్రుడు సులువు, చంద్రుడి తర్వాత రాత్రి ఆకాశంలో అంత వెలుగు ఇంకెవరికీ లేదు. తెల్లవారుజామున కనిపిస్తే మీ తాత వేగుచుక్క అంటాడు, అడిగి చూడు. గురువు తెల్లగా నిలకడగా వెలుగుతాడు. మంచి బైనాక్యులర్ ఉంటే పక్కన వరుసగా నాలుగు చిన్న చుక్కలు కనబడతాయి, అవి ఆయన చందమామలు, 1610లో గెలీలియో చూసినవి. శని కొంచెం పసుపు. కుజుడు ఎరుపు, దాదాపు 26 నెలలకోసారి భూమికి దగ్గరగా వచ్చి బాగా వెలుగుతాడు. బుధుడితోనే తంటా. సూర్యుణ్ణి వదిలి ఎప్పుడూ 28 డిగ్రీలకు మించి దూరం పోడు, కాబట్టి పొద్దు గుంకగానే గానీ పొద్దు పొడవక ముందు గానీ కాసేపే దొరుకుతాడు.

నక్షత్రం మినుకుమంటుంది, గ్రహం అనదు. నక్షత్రం ఎంత పెద్దదైనా ఎంతో దూరాన ఉంది కాబట్టి సూదిమొనంత వెలుగే వస్తుంది, గాలి కదలికకి అది వణుకుతుంది. గ్రహం దగ్గర కాబట్టి చిన్న బిళ్ళంత వెలుగు వస్తుంది, నిలకడగా ఉంటుంది. ఆకాశం అంచున మాత్రం గ్రహాలు కూడా వణకొచ్చు, కాస్త పైకి వచ్చాక చూడు.

ఎక్కడ వెతకాలంటే పగలు సూర్యుడు నడిచే బాట పక్కనే. తిరుపతి పిల్లలకి ఒక చిట్కా. తిరుమల కొండ ఊరికి ఉత్తరాన ఉంది. కొండకి ఎదురుగా నిలబడితే కుడిచెయ్యి తూర్పు, ఎడమచెయ్యి పడమర. గ్రహాలు కుడివైపు లేచి దాదాపు నడినెత్తి మీదుగా ఎడమవైపు దిగుతాయి, కొండ అంచున ఎప్పుడూ ఉండవు. అక్కడ ఉండేది ధ్రువ నక్షత్రం. మన ప్రాంతంలో అది 13, 14 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అలిపిరిలో కొండ మొదట్లో ఇళ్ళున్నవాళ్ళకి కొండే అడ్డమొస్తుంది.

మీ కుప్పానికి అట్టే దూరం కాని చోట, తమిళనాడులో జవ్వాది కొండల మీద కావలూరు అబ్జర్వేటరీ ఉంది. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రం ముందునుంచి పోవాల్సి ఉంటే, యురేనస్ రాకముందే నక్షత్రం తటాలున మసకబారింది. విమానంలోంచి చూసిన అమెరికన్ బృందానికి అలాంటి మసకలు ముందూ వెనకా జతలు జతలుగా దొరికాయి. కావలూరులో మనవాళ్ళ ఒక మీటరు టెలిస్కోపులో కూడా నమోదైంది. యురేనస్‌కి వలయాలున్నాయని లోకానికి తెలిసింది అలాగే. మీ నాన్నతో చెప్పి ఒకసారి పోయి రా.

శ్రీకాళహస్తి నుంచి పూలకొట్టు యజమాని: గ్రహణం రోజు తిరుమలలో తలుపులు మూస్తారు, మా ఊళ్ళో తెరిచే ఉంటుంది. ఇక్కడికి రాహుకేతు పూజకి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ రెండింటినీ టెలిస్కోపులో చూపించగలరా?

చూపించలేనన్నా, అక్కడ రాయీ లేదు, మట్టీ లేదు. వేలుపెట్టి ఆ చోటు మాత్రం చూపించగలను. ఆకాశంలో సూర్యుడికో దారి ఉంది, చంద్రుడికో దారి ఉంది. రెండింటి మధ్యా సుమారు 5 డిగ్రీల వాలు. కాబట్టి రెండు చోట్లే దాటుకుంటాయి. చంద్రుడు ఉత్తరానికి ఎక్కే చోటు రాహువు, దక్షిణానికి దిగే చోటు కేతువు. జాతకంలో ఈ ఇద్దరూ ఎప్పుడూ ఎదురెదురు ఇళ్ళల్లోనే ఎందుకుంటారో ఇప్పుడు తెలిసిందా? పౌర్ణమికో అమావాస్యకో సూర్యచంద్రులు ఈ చోట్లకి దగ్గరగా వస్తేనే గ్రహణం. దూరంగా ఉంటే నీడ పైనుంచో కిందనుంచో పోతుంది, అందుకే నెలనెలా గ్రహణం రాదు. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పట్టినప్పుడు చంద్రుడు కుంభంలో ఉన్నాడు, పంచాంగం తిరగేస్తే రాహువు కూడా అక్కడే.

ఈ రెండు చోట్లూ వెనక్కి జరుగుతాయి, చుట్టు తిరగడానికి 18.6 ఏళ్ళు. రాశికి ఏడాదిన్నర. మీ ఊళ్ళో రాహుకేతువులు రాశి మారారని జనం కిటకిటలాడేదీ, మీ కొట్లో పూలు మధ్యాహ్నానికే అయిపోయేదీ ఏడాదిన్నరకోసారే కదా. చంద్రుణ్ణి కప్పేది భూమి నీడ, సూర్యుణ్ణి కప్పేది చంద్రుడు అని ఆర్యభటుడు 499 నాటికే చెప్పాడు. గుడి ఎందుకు మూయరన్నది మాత్రం అర్చకుల్ని అడగాలి. అక్కడి స్వామికి రాహుకేతువులు లోబడి ఉంటారు కాబట్టి గ్రహణదోషం అంటదన్న నమ్మకం మీకు నాకంటే బాగా తెలుసు.

నగరి నుంచి మరమగ్గం నడిపే తమ్ముడు: ఆది, సోమ, మంగళ, బుధ అని వారాలకి గ్రహాల పేర్లే పెట్టారు. కానీ ఆ వరుస దూరం ప్రకారం లేదు, వెలుగు ప్రకారం లేదు. చీటీలేసి తీశారా?

మంచి పట్టు పట్టావు తమ్ముడూ. పంచాంగంలో హోరలు చూసేవుంటావు. భూమ్మీద నుంచి చూస్తే నెమ్మదిగా కదిలేవాడి నుంచి వేగంగా కదిలేవాడి దాకా వరుస ఇది: శని, గురువు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. గంటకొకరికి ఇస్తూ పో. శనివారం మొదటి గంట శనిది. 8వ గంట, 15వ గంట, 22వ గంట మళ్ళీ శనివే. 23 గురువు, 24 కుజుడు. మర్నాటి మొదటి గంట సూర్యుడికి పడింది, ఆదివారం. అక్కణ్ణుంచి ఇంకో 24 లెక్కపెట్టు, చంద్రుడు వస్తాడు, సోమవారం. తర్వాత కుజుడు. మిగతావి షిఫ్టు మధ్యలో టీ తాగుతూ వేసుకో.

ఈ ఏడు వారాల పద్ధతి మనకి పడమటి దేశాల నుంచి వచ్చిందని చరిత్రకారులంటారు. మధ్యప్రదేశ్‌లో ఎరణ్ అనే చోట స్తంభం మీద క్రీ.శ. 484 నాటి శాసనంలో గురువారం అని ఉంది.

మదనపల్లె నుంచి ఒకరు: తొమ్మిదో గ్రహం మళ్ళీ దొరికిందని వాట్సాప్‌లో వచ్చింది. నిజమా?

దొరకలేదు. 2016లో బాటిగిన్, బ్రౌన్ అనే ఇద్దరు ఖగోళశాస్త్రవేత్తలు, నెప్ట్యూన్ అవతల కొన్ని వస్తువుల దారులు ఒకే వైపుకి గుంపుగా ఉన్నాయి, ఏదో పెద్ద గ్రహం లాగుతోందేమో అన్నారు. ఎరిస్‌ని కనిపెట్టి ప్లూటో పదవికి ఎసరు పెట్టిన బ్రౌనే ఈయన. వెతుకుతున్నారు, ఇంతవరకు కంటపడలేదు. మనం వెతికిన వైపే వస్తువులు దొరుకుతాయి కాబట్టి ఆ గుంపు ఉత్త భ్రమ అనేవాళ్ళూ ఉన్నారు.

లెక్క కట్టి గ్రహాన్ని పట్టడం జరగనిది కాదు. యురేనస్ దారి తప్పడం చూసి లెవెరియే అనే ఫ్రెంచి ఖగోళశాస్త్రవేత్త ఫలానా చోట చూడండని ఉత్తరం రాస్తే, 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో గాలే చూశాడు, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ ఉంది. అదే లెవెరియే బుధుడి దారిలో తేడా చూసి, సూర్యుడికి ఇంకా దగ్గరగా వల్కన్ అనే గ్రహం ఉందన్నాడు. దశాబ్దాలు వెతికారు. అలాంటిదేమీ లేదు, ఆ తేడా ఎందుకో 1915లో ఐన్‌స్టీన్ చెప్పాడు. కాబట్టి ఆ మెసేజి ఇంకొకరికి పంపకండి.

చిత్తూరు నుంచి బెల్లం మండీ వ్యాపారి: ప్లూటో మీద మనిషి బరువు తగ్గిపోతుందంట. అక్కడ బెల్లం అమ్మితే మాకు నష్టమా, లాభమా?

మీ కాటాని బట్టి ఉంటుంది సార్. ప్లూటో లాగే బలం మన భూమిదాంట్లో పదహారో వంతు. ఎలక్ట్రానిక్ కాటా మీద 10 కిలోల బెల్లం పెడితే 600 గ్రాముల పైచిలుకు చూపిస్తుంది, మీరు మునిగిపోతారు. పాత తక్కెడ పట్టుకెళ్ళండి. ఒక పళ్ళెంలో బెల్లం, ఇంకో పళ్ళెంలో 10 కిలోల గుండు. రెండూ ఒకేలా తేలికవుతాయి కాబట్టి ముల్లు మధ్యలోనే నిలుస్తుంది. తిరుమలలో తులాభారం మొక్కు ఉన్నవాళ్ళు కూడా ప్లూటో వెళ్ళి తగ్గించుకోలేరు. 60 కిలోల మనిషికి అక్కడా 60 కిలోల బెల్లమే తూగుతుంది. బెల్లం మాత్రం సున్నాకి 230 డిగ్రీలు దిగువన రాయిలా బిగిసి ఉంటుంది, సుత్తి కూడా మీరే తెచ్చుకోవాలి.

ప్లూటో దాకా ఎందుకు, భూమ్మీదే భూమధ్యరేఖ దగ్గరకీ ధ్రువాలకీ అర శాతం తేడా ఉంది, 10 కిలోలకి 50 గ్రాములు. మన దేశంలో ఊరికీ ఊరికీ అంతకంటే తక్కువే గానీ, టన్నుల్లో అమ్మేవాళ్ళకి అదీ డబ్బే. వేరే ఊళ్ళో కొన్న ఎలక్ట్రానిక్ కాటా అయితే మీ మండీలోనే గుండ్లు పెట్టి సరిచూసి, తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించుకోండి.